నడుము నొప్పి అన్న మాట చాటున...



మా దవాఖానాలో అడుగుపెట్టేవారిలో ఎక్కువమంది చెప్పే మొదటి మాట ఒక్కటే. "నడుము నొప్పి, హకీం సాబ్." ఉర్దూ అలవాటున్నవారు కమర్ దర్ద్ అంటారు. వేలూరు బజారులో అయితే ఇడుప్పు వలి. ఎక్కడమ్మా అని అడిగితే చెయ్యి వెనక్కి పెట్టి గాలిలో ఒక చుట్టు తిప్పుతారు. వెన్ను కిందనా, తుంటిలోనా, పొత్తికడుపులోనా, కూర్చునే చోటనా అన్నది చెప్పరు. చెప్పడానికి మాట తెలియక కొందరు, మాట తెలిసినా నోరు రాక కొందరు.

నడుము కింది నుంచి తొడల పైదాకా ఉన్న ఈ భాగానికి మన ఇళ్లలో పేరే లేదు. బడి పుస్తకంలో శ్రోణి అనీ, కటి వలయం అనీ ఉంటుంది. పిల్లలు పరీక్షకు చదివి మరిచిపోతారు. పేరు లేని చోట వచ్చిన జబ్బుకు మందు అడగడం ఎలా? ఈ వారం ఆ చోటు గురించే రాస్తున్నాను. ఆడవాళ్లూ చదవండి, మగవాళ్లూ చదవండి. ఇందులో దాచుకోవలసింది ఏమీ లేదు.

నేను చేసిన తప్పు

ముందు నా తప్పు ఒప్పుకోవాలి. ముప్పై ఏళ్ల కిందటి మాట. గుడియాత్తంలో బీడీలు చుట్టే కుటుంబం. ఆమె అయిదుగురు బిడ్డల తల్లి. భర్త వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె తెర వెనక కూర్చుంది. నేను నబ్జ్ చూశాను. ప్రశ్నలన్నీ భర్తనే అడిగాను. జవాబులన్నీ ఆయనే చెప్పాడు. నడుము నొప్పి అన్నాడు, రాసుకున్నాను. మర్దనకు రోగన్ సుర్ఖ్, తినడానికి మాజూన్ సూరంజాన్ ఇచ్చాను. ఇలా ఎనిమిది నెలలు గడిచాయి. తగ్గిందా అంటే "కొంచెం తగ్గింది" అని భర్తే అనేవాడు.

ఒకరోజు ఆమె పెద్ద కూతురు ఒంటరిగా వచ్చింది. తల వంచుకుని అసలు సంగతి చెప్పింది. మూడో కాన్పు నుంచి అమ్మకు గర్భసంచి కిందికి జారింది. దగ్గినా తుమ్మినా మూత్రం పడిపోతుంది. అందుకే నీళ్లు తాగడం తగ్గించేసింది. పెళ్లిళ్లకు పోవడం మానేసింది. నమాజుకు నిలబడితే వుజూ నిలవడం లేదని ఏడుస్తుంది. తాను పాక్‌గా లేనని అనుకుంటూ ఖురాన్ ముట్టుకోవడానికి కూడా భయపడుతోంది.

ఆమె జబ్బు నడుములో లేదు. నేను ఎనిమిది నెలలు నూనె రాయించింది అసలు జబ్బు లేని చోట. ఆమెను ఒక్క ప్రశ్న సూటిగా అడిగి ఉంటే మొదటి రోజే తెలిసేది. స్త్రీల వైద్యురాలి దగ్గరికి పంపించాను. అక్కడ లోపల ఒక రింగు అమర్చారు. నెల తర్వాత ఆమె మా ఇంటికి వచ్చి, నా భార్యతో మాట్లాడి వెళ్లింది. ఆనాటి నుంచి ఆడవాళ్లు వస్తే నా భార్య దగ్గర కూర్చుంటుంది. ప్రశ్న రోగినే అడుగుతాను, భర్తను కాదు.

అడుగు లేని గంగాళం

ఇప్పుడు ఆ చోటు ఎలా ఉంటుందో చూద్దాం. మన వంటింటి గంగాళం తీసుకోండి. దాని అడుగు కోసేయండి. అంచు మీద ముందుభాగం కొంచెం దించండి. ఇంచుమించు అదే కటి వలయం. ఇంగ్లీషువాళ్లు పెల్విస్ అంటారు. లాటిన్‌లో ఆ మాటకు అర్థం బేసినే.

వెనకవైపు వెన్నెముక దిగి వచ్చే చోట తలకిందులుగా పెట్టిన ముక్కోణపు ఎముక ఉంటుంది. అదే త్రికాస్థి. మన తిబ్బు పుస్తకాల్లో అజుజ్ అంటారు. పుట్టినప్పుడు ఇది అయిదు విడి పూసలు. యవ్వనంలో ఒకదానితో ఒకటి అతుక్కోవడం మొదలై పాతికేళ్లు దాటేసరికి ఒకే ఎముక అవుతుంది. దాని చివర చిన్న చిన్న పూసలు, సాధారణంగా నాలుగు. అదే వెన్ను చివరి ఎముక. జారి కూలబడితే నెలల తరబడి కూర్చోనివ్వనిది ఇదే.

త్రికాస్థికి రెండు పక్కల నుంచి రెండు తుంటి ఎముకలు బయలుదేరి, రెండు చేతులు చుట్టుకున్నట్టు ముందుకు వచ్చి కలుస్తాయి. ఒక్కో తుంటి ఎముక చిన్నతనంలో మూడు ముక్కలు. ఆ మూడూ కలిసే చోటే తొడ ఎముక గుండు కూర్చునే గిన్నె ఉంటుంది. ఆ ముక్కలు పదమూడు నుంచి పదహారేళ్ల మధ్య కలవడం మొదలవుతుంది. అంచులు పూర్తిగా గట్టిపడేది ఇరవై దాటాకే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

ఇది చేసే పనులు నాలుగు. మొదటిది, పైనున్న బరువంతా అందుకుని రెండు కాళ్లకు పంచడం. కూర్చున్నప్పుడు ఆ బరువు పడేది దీని అడుగున ఉన్న రెండు గుబురు ఎముకల మీద. గట్టి బల్ల మీద కూర్చుంటే మీకే తగులుతాయి. రెండోది, మూత్రాశయం, గర్భసంచి, పెద్దపేగు చివరి భాగం, మగవాళ్లలో ప్రోస్టేట్ గ్రంథి, వీటన్నింటికీ గూడు కావడం. మూడోది, తొడల, పిరుదుల, పొట్ట కండరాలకు పట్టు ఇవ్వడం. నాలుగోది, బిడ్డకు దారి ఇవ్వడం.

గంగాళానికి అడుగు లేదన్నాను కదా. ఆ అడుగును కండరాలు మూస్తాయి. ముందు నుంచి వెనక్కి ఊయల గుడ్డ కట్టినట్టు కండరాల పొర ఉంటుంది. గుడియాత్తం మగ్గం మీద పడుగూ పేకా కలిసి లుంగీ అయినట్టు, ఈ నారలూ అడ్డంగా, నిలువుగా అల్లుకుని ఉంటాయి. పైనున్న అవయవాలన్నీ ఈ గుడ్డ మీదే నిలుస్తాయి. మూత్రం, మలం, కాన్పు దారులన్నీ దీని గుండానే పోతాయి. ఈ గుడ్డ వదులైతే ఏమవుతుందో పైన చెప్పిన తల్లిని అడగండి.

బిడ్డ తిరిగే దారి

ఆడవారి కటి, మగవారి కటి ఒకలా ఉండవు. మగవారిది ఇరుకు, ఎత్తు ఎక్కువ. ఆడవారిది వెడల్పు, లోతు తక్కువ, నోరు గుండ్రన. ముందు ఎముకల కింద ఉండే కమాను ఆడవారిలో విశాలంగా తెరుచుకుని ఉంటుంది.

అయినా బిడ్డకు అది వెడల్పు వీధి కాదు, ఇరుకు సందే. నెలలు నిండిన బిడ్డ తల అడ్డం కొలత దాదాపు తొమ్మిదిన్నర సెంటీమీటర్లు. కటి పైనోరు ముందు నుంచి వెనక్కి పదకొండు సెంటీమీటర్లకు అటూ ఇటూ. మధ్యలో మిగిలేది ఒక వేలు సందు. పైగా పైనోరు పక్కలకు వెడల్పు, కిందినోరు ముందువెనకలకు వెడల్పు. అందుకే బిడ్డ పక్కకు ముఖం పెట్టి లోపలికి దిగి, మధ్యలో తిరిగి, వెనక్కి ముఖం పెట్టి బయటకు వస్తుంది. తల ఎముకలు ఒకదాని మీదికి ఒకటి కొద్దిగా జరుగుతాయి. తల్లి కీళ్లు కూడా నెలలు నిండేసరికి కాస్త వదులవుతాయి. ఇంత అమరిక ఉంది గనకే ఇన్ని కాన్పులు సులువుగా అవుతున్నాయి. ఈ అమరిక ఎక్కడైనా తప్పితే నూనె పనిచేయదు, తావీజు పనిచేయదు. ఆసుపత్రే దారి.

మన పెద్దలు సిగ్గుపడలేదు

ఇవన్నీ పత్రికలో రాయాలా హకీం సాబ్ అని కొందరు అడుగుతారు. మన తిబ్బు పెద్దలు వెయ్యేళ్ల కిందటే రాశారు. ఇబ్నె సీనా తన అల్ ఖానూన్‌లో ఎముకల వర్ణనలో త్రికాస్థికీ, వెన్ను చివరి ఎముకకూ, తుంటికీ విడివిడిగా చోటిచ్చాడు. అందులస్‌లో జహ్రావీ తన అత్ తస్రీఫ్ గ్రంథంలో కష్టమైన కాన్పుల్లో మంత్రసాని ఏం చేయాలో నేర్పాడు, పనిముట్ల బొమ్మలు కూడా వేశాడు.

బగ్దాద్‌కు చెందిన అబ్దుల్ లతీఫ్ సంగతి ఇంకా గొప్పది. క్రీ.శ. 1200 ప్రాంతంలో ఈజిప్టులో ఘోరమైన కరువు వచ్చింది. ఊరి బయట ఎముకల గుట్టలు పడ్డాయి. ఆయన అక్కడికి వెళ్లి చేత్తో తీసి చూశాడు. కింది దవడ రెండు ఎముకలని జాలీనూస్ రాశాడు. ఎన్ని చూసినా ఒకటే ఎముక. త్రికాస్థి విషయంలోనూ పుస్తకంలో ఉన్న లెక్కకూ కంటికి కనిపించినదానికీ తేడా కనిపించింది. కొన్నింటిలో అతుకులు కలిసిపోయి ఉన్నాయి, కొన్నింటిలో విడిగా ఉన్నాయి. వయసుతో పూసలు అతుక్కుంటాయని ఇవాళ మనకు తెలుసు గనక ఆ తేడా ఆశ్చర్యం అనిపించదు. గురువు ఎంత గొప్పవాడైనా కంటితో చూసినదే ముందు అని ఆయన తేల్చాడు. ఆ పెద్దల పేరు చెప్పుకుని బోర్డు పెట్టుకున్న నేను, రోగిని అడగకుండా మందు ఇచ్చాను. అందుకే ఇంతగా బాధపడుతున్నాను.

తిండివనంలో ఒక రాత్రి

వేలూరులో ఉన్నవారికి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆసుపత్రి తెలియకుండా ఉండదు. అది ఎందుకు పుట్టిందో తెలుసా? 1890ల తొలి రోజులు. రాణిపేటలో పుట్టిన ఐడా స్కడ్డర్ అనే యువతి, జబ్బుపడిన తల్లిని చూసుకోవడానికి అమెరికా నుంచి తిండివనం వచ్చింది. తండ్రి వైద్యుడు. ఒకే రాత్రి ముగ్గురు భర్తలు ఒకరి తర్వాత ఒకరు తలుపు తట్టారు. ముగ్గురి భార్యలూ కాన్పు కష్టంలో ఉన్నారు. మా నాన్న వస్తారు అందామె. పరాయి మగాడు మా ఆడవాళ్లను చూడకూడదు అన్నారు వాళ్లు. నాకు వైద్యం రాదు అందామె. తెల్లవారేసరికి ముగ్గురు తల్లులూ చనిపోయారు. ఆ ముగ్గురు భర్తల్లో ఒకరు బ్రాహ్మణుడు, ఇంకొకరు మరో హిందువు, మరొకరు మన ముస్లిం సోదరుడు.

ఆ రాత్రి ఆమె డాక్టరు కావాలని నిర్ణయించుకుంది. 1899లో వైద్య విద్య ముగించి 1900లో వేలూరులో చిన్న వైద్యశాల మొదలుపెట్టింది. 1902లో ఆడవాళ్ల కోసం ఆసుపత్రి, 1918లో ఆడవాళ్లకు వైద్య పాఠశాల వచ్చాయి. గుడియాత్తం దారిలో చెట్ల నీడన బండి ఆపి పల్లెవాళ్లకు మందులిచ్చేది.

ఈ కథ చదివిన ప్రతిసారీ నాకు ఒక్కటే అనిపిస్తుంది. ఆ భర్తలు చెడ్డవాళ్లు కారు. అర్ధరాత్రి వైద్యం కోసం పరిగెత్తి వచ్చినవాళ్లు. భార్య బతకాలనే వచ్చారు. కానీ ప్రాణం పోయే వేళ ఏది ముందో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ప్రాణాపాయంలో పరాయి వైద్యుడు చూడవచ్చని మన ఆలిములు స్పష్టంగానే చెబుతారు. ఇప్పుడైతే వేలూరులోనూ గుడియాత్తంలోనూ ఆడ డాక్టర్లకు కొదవ లేదు. ఇంకా దాచుకోవడానికి సాకేమిటి?

ఎండ తగలని ఎముకలు

ఎముక మెత్తబడితే గంగాళం వంగిపోతుంది. దీనికి మన చరిత్రలోనే సాక్ష్యం ఉంది. కాశ్మీర్‌లో పనిచేసిన కాథలిన్ వాన్ అనే డాక్టరమ్మ 1928లో ఒక పుస్తకం రాసింది. ఇంటి నాలుగు గోడల మధ్యే ఉండి ఎండ తగలని ఆడవాళ్లలో ఎముకలు మెత్తబడి, కటి నొక్కుకుపోయి, కాన్పు అసాధ్యం కావడం ఆమె గమనించింది. ఎండలో పనిచేసే పేద ఆడవాళ్లలో ఆ జబ్బు అరుదు.

అపార్థం చేసుకోకండి. నేను పర్దా వద్దనడం లేదు. ఎండ కావాలంటున్నాను. తెల్లవారి నుంచి గదిలో కూర్చుని బీడీలు చుట్టే మన ఆడవాళ్లకు, ఫ్లాట్ల నుంచి కదలని కోడళ్లకు విటమిన్ డి తక్కువగా ఉండటం ఇప్పుడు మామూలైపోయింది. తుంటి చుట్టూ, తొడల్లో లోతుగా నొప్పి, మెట్లెక్కలేకపోవడం, బాతులా ఊగుతూ నడవడం దాని గుర్తులు. దీన్ని వాతం అనుకుని మర్దన చేయించుకుంటూ ఏళ్లు గడిపేస్తారు.

మిద్దె మీద నాలుగు వైపులా చీర తెరలు కట్టండి. పది పదకొండు గంటల మధ్య ఇరవై నిమిషాలు ముఖం, చేతులు, కాళ్లు ఎండకు ఉంచండి. వేసవిలో పది నిమిషాలు చాలు. తెల్లవారి లేత ఎండ హాయిగా ఉంటుంది గానీ ఈ పనికి చాలదు. కిటికీ అద్దం వెనక కూర్చున్నా లాభం లేదు. మన చిత్తూరు వైపు రాగి సంకటి మరిచిపోకండి. పాలు, పెరుగు, నువ్వులు చేర్చండి. విటమిన్ డి గుళికలు మాత్రం రక్త పరీక్ష చేయించి డాక్టరు చెప్పిన మోతాదులోనే వాడండి. ఎక్కువైతే విషమే.

ఆడపిల్ల ఎముకలు పండనివ్వండి

పైన గుర్తుపెట్టుకోమన్న మాట ఇక్కడికి వస్తుంది. ఆడపిల్ల పెద్దమనిషి అయిందంటే ఎముకలు సిద్ధమైనట్టు కాదు. ఎత్తు పెరగడం ఆగాక కూడా కటి విశాలమవుతూనే ఉంటుంది. పదిహేను, పదహారేళ్లకు పెళ్లి చేసి, ఏడాది తిరగకుండా ఒడి నింపితే, బిడ్డ తల ఇరుక్కుపోయే ప్రమాదం ఎక్కువ. గంటల తరబడి తల నొక్కితే మూత్రాశయానికీ కాన్పు దారికీ మధ్య చిల్లు పడుతుంది. చికిత్స అందకపోతే ఆ పిల్ల జీవితాంతం తడిగుడ్డతో బతకాలి. చట్టం పద్దెనిమిది అంటుంది. నేను హకీముగా చెబుతున్నాను, ఇరవై దాటనివ్వండి. మంచి సంబంధం పోతుందని తొందరపడే తండ్రులారా, మంచి సంబంధం ఆగుతుంది.

వదులైన గుడ్డను బిగించుకోండి

ఇక చికిత్స మాట. 1948లో ఆర్నాల్డ్ కీగెల్ అనే అమెరికా డాక్టరు ఒక వ్యాయామాన్ని ప్రచారం చేశాడు. ఖర్చు లేదు, ఎవరికీ కనబడదు. గాలి పోకుండా, మూత్రం పోకుండా ఆపుకున్నట్టు లోపలి కండరాన్ని బిగించండి. అయిదు అంకెలు లెక్కపెట్టి వదలండి. మళ్లీ అయిదు అంకెలు విశ్రాంతి. ఇలా పదిసార్లు, రోజుకు మూడు విడతలు. ఊపిరి బిగపట్టకూడదు, పొట్ట, తొడలు బిగించకూడదు. మూత్రం పోసేటప్పుడు ఇది సాధన చేయకండి. మూడు నెలలు ఆగకుండా చేస్తే తేడా తెలుస్తుంది. ప్రోస్టేట్ ఆపరేషన్ అయిన మగవాళ్లకూ ఇది మేలు చేస్తుంది.

బాలింతలు నలభై రోజులు బరువులెత్తకండి. మలబద్ధకం రానివ్వకండి, ముక్కితే ఆ గుడ్డ ఇంకా సాగుతుంది. అవయవం బయటకు జారినట్టు అనిపిస్తే మాత్రం వ్యాయామంతో ఆగకుండా వైద్యురాలికి చూపించండి. వుజూ నిలవనివారికి షరియత్‌లో సౌలభ్యం ఉంది. ఆలిమ్‌ను అడిగి తెలుసుకోండి. దానికోసం నమాజు వదలకండి.

పసిబిడ్డల సంగతి కూడా. బొంతలో చుట్టేటప్పుడు కాళ్లు నిటారుగా లాగి బిగించి కట్టకండి. తుంటి గిన్నె నుంచి తొడ గుండు జారే ప్రమాదం ఉంది. కప్ప కాళ్లలా మడిచి విడిగా ఉండనివ్వండి. నానమ్మలు చంకన వేసుకుని నడుముకు అటొక కాలు ఇటొక కాలు పెట్టుకోవడం ఎంతో మంచిది.

రోడ్డు ప్రమాదంలో బండి మీద నుంచి పడినవారికి తుంటి దగ్గర నొప్పి ఉంటే చేతులూ కాళ్లూ పట్టుకుని ఎత్తకండి, పొర్లించకండి. కటి విరిగితే బయట చుక్క రక్తం కనబడకుండానే లోపల ప్రాణం పోయేంత రక్తం కారుతుంది. కదపకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి.

ఇవి ఉంటే నా దగ్గరికి రాకండి, నేరుగా ఆసుపత్రికి పోండి

- నడుము నొప్పితో పాటు కూర్చునే చోట మొద్దుబారడం, మూత్రం ఆగిపోవడం, మలం తెలియకుండా పోవడం. ఇది గంటల్లో చూడవలసిన జబ్బు.
- నెలల తరబడి నొప్పి, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం. ఎముకలకూ క్షయ వస్తుంది.
- ముట్లు ఆగిపోయాక మళ్లీ రక్తం కనబడటం.
- పెద్దవాళ్లు పడిపోయాక కాలు మోపలేకపోవడం.

నా నూనెలు కండరాల పట్టుకు హాయినిస్తాయి. మెత్తబడిన ఎముకను గట్టిచేయవు, జారిన గర్భసంచిని పైకెత్తవు. ఇది చెప్పుకోవడానికి నాకు చిన్నతనం లేదు.

హయా మన ఇంటి సొమ్ము. దాన్ని కాపాడుకోవాలి. కానీ ఒక తల్లి పదేళ్లు నీళ్లు తాగకుండా, పెళ్లిళ్లకు పోకుండా మూలన కూర్చోవడం హయా కాదు. అది మన ఇంటి నిర్లక్ష్యం. ఈ పేజీ చదవడం అయ్యాక మీ అమ్మ దగ్గరో, అత్త దగ్గరో, భార్య దగ్గరో కూర్చుని ఒక్క మాట అడగండి. "నడుము నొప్పి అంటున్నావు కదా, సరిగ్గా ఎక్కడ?" జవాబు వచ్చేదాకా ఆగండి. ఆనాడు నేను అడగని ప్రశ్న అదే.